రేపటికి తోడు మిగల్చండి: సిద్ధాంత గ్రంథం రోజూ కాస్త రాయడం ఎలా?

పరిశోధన చేస్తున్నవారిని ఎవరినైనా "ఎంతవరకు వచ్చింది?" అని అడిగి చూడండి. "సమాచారమంతా ఉందండీ, రాయడమే మిగిలింది" అంటారు. నేనూ మూడేళ్లపాటు అదే జవాబు చెప్పాను. పెళ్లిపందిట్లో చెప్పాను, గుణుపురం రైలులో చెప్పాను, పర్లాకిమిడి రథయాత్ర తోపులాటలో ఎదురైన పాత మాస్టారికి కూడా చెప్పాను. సరుకులన్నీ వచ్చాయి, వంటే మిగిలింది అన్నట్టు ఉంటుంది ఆ మాట. అవతల భోజనానికి వచ్చినవాళ్లు ఆకులు వేసుకుని కూర్చునే ఉంటారు.

నేను ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో ఉంటాను. పగలు ఉద్యోగం, రాత్రి పరిశోధన. ఈ చుట్టుపక్కల వారపు సంతల్లో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవారు ఒకరితో ఒకరు ఏ భాషలో బేరమాడతారన్నది నా విషయం. గ్రంథం సమర్పించాను, వైవా (మౌఖిక పరీక్ష) కూడా అయిపోయింది. అందుకే ఇప్పుడు ధైర్యంగా సలహా చెబుతున్నాను. బరంపురంలోనో రాయగడలోనో నాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, గ్రంథంలో ఇంగ్లీషు పెట్టుకుని అవస్థపడుతున్నవారు మనసులో మెదులుతుండగా రాస్తున్నాను. ఉద్యోగం లేని పూర్తికాలపు పరిశోధకులకూ ఇది పనికొస్తుంది. కాకపోతే వాళ్లకు రోజంతా చేతిలో ఉందన్న భ్రమ ఒకటి ఉంటుంది, ముందు అది పోవాలి.

ముందుగా లెక్క తేల్చుకోండి

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీస వ్యవధి 3 ఏళ్లు, గరిష్ఠ వ్యవధి 6 ఏళ్లు. కోర్సువర్కు, అంటే మొదట్లో హాజరయ్యే తరగతులు కూడా ఆ ఆరేళ్లలోనే. గడువు దాటితే పునర్నమోదు మీద మరో 2 ఏళ్ల వరకు ఇవ్వవచ్చు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్లు, అన్నీ కలిపి 10 ఏళ్లు దాటకుండా. మీరు చేరిన సంవత్సరాన్నిబట్టి పాత నిబంధనలు వర్తించవచ్చు కాబట్టి మీ విశ్వవిద్యాలయంలో ఒకసారి కనుక్కోండి. కనుక్కుని, మీకు మిగిలిన నెలలు ఎన్నో ఒక కాగితం మీద రాయండి. ఆ అంకె చూడటానికి భయమేస్తుంది. అయినా రాయండి.

ఇప్పుడు రెండో లెక్క. మీ గ్రంథం 60,000 పదాలనుకుందాం. రోజుకు 200 పదాలు రాస్తే 300 రోజులు. రాసినదాంట్లో సగం తీసిపారేస్తారు (నేను సగానికి పైనే తీసేశాను) కాబట్టి 600 రోజులు వేసుకోండి. రెండేళ్లు కూడా కాదు. రెండు వందల పదాలంటే చేతిరాతలో సుమారు పేజీన్నర. పండుగకు ఊరు రమ్మని మేనమామకు రాసే ఉత్తరమంత.

ఈ చిన్న అంకెను చూసి చాలామంది పెదవి విరుస్తారు. నేనూ విరిచాను. మొదట "రోజుకు వెయ్యి పదాలు" అని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగరబోయినట్టు, తొమ్మిది రోజులు ఎగిరాను. పదో రోజు ఇంటికి చుట్టాలు వచ్చారు. పదకొండో రోజుకు బాకీ మూడు వేల పదాలు. ఎందుకంటే ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు కూడా పూర్తిగా రాయలేదని అప్పుడు ఒప్పుకోవలసి వచ్చింది. తర్వాత నాలుగు నెలలు ఆ గోడ వైపు చూడలేదు.

గడియారానికి కాదు, రోజూ చేసే పనికి ముడివేయండి

"రోజూ ఉదయం 5 గంటలకు లేచి రాస్తాను" అనే తీర్మానం బాగానే ఉంటుంది. పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి తెల్లవారితే ఏమవుతుంది? గడియారంలో అయిదు అలా వచ్చి ఇలా వెళ్లిపోతుంది. మీ ఇంట్లో ఏ రోజూ ఆగని పని ఒకటి వెతకండి. దాని పక్కన మీ రాతను కట్టేయండి.

మా ఇంట్లో ఆగని పని పెరుగు తోడు పెట్టడం. రాత్రి అంట్లు అయ్యాక పాలు కాచి దించుతాం. అవి గోరువెచ్చన అయ్యేదాకా ఆగాలి. వేడిగా ఉండగా తోడు వేస్తే విరుగుతుంది, మరీ చల్లారితే తోడుకోదు. ఆ మధ్యలో అరగంట, నలభై నిమిషాలు ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచి ఆ అరగంట ఫోను చూస్తూ గడిపాను. ఒక రాత్రి నోటు పుస్తకం తెచ్చుకుని వంటగదిలో బల్ల మీదే కూర్చున్నాను. పాలు చల్లారే వరకే రాత. చిటికెనవేలు ముంచి చూసి, సరిగ్గా ఉందనిపిస్తే కలం మూసేయడం. వేసవిలో కాస్త ఎక్కువ సేపు దొరికేది, డిసెంబరులో పావుగంటకే గిన్నె చల్లారిపోయేది. దాని గురించి నేను బెంగపెట్టుకోలేదు.

పాతికేసి నిమిషాలు పెట్టుకుని పనిచేసే పద్ధతి ఒకటి ప్రపంచమంతా ప్రచారంలో ఉంది. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారంతో మొదలుపెట్టాడు. అందుకే దాని పేరు పొమోడోరో, అంటే ఇటాలియన్‌లో టమాటా. వంటింట్లో పుట్టిన పద్ధతే కాబట్టి నా పాలగిన్నె కూడా దానికి దూరపు చుట్టమే అనుకుంటాను.

పాలు, పెరుగు మీకు కుదరకపోవచ్చు. రాయగడ దగ్గర మిల్లులో షిఫ్టు ఉద్యోగం చేసే మిత్రుడొకరున్నారు. షిఫ్టు మారినప్పుడల్లా ఆయన దినచర్య తలకిందులవుతుంది. ఫలానా గంటకని పెట్టుకుంటే నెలకు మూడుసార్లు చెడుతుంది. అందుకని డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాక, అన్నానికి ముందు ఇరవై నిమిషాలు పెట్టుకున్నారు. అర్ధరాత్రి వచ్చినా, మధ్యాహ్నం వచ్చినా స్నానం తప్పదు కదా. ఆకలి మీద ఉండటం వల్ల వాక్యాలు పొట్టిగా వస్తాయని ఆయనే నవ్వుతూ చెప్పేవారు.

అలవాటు ఎన్నాళ్లకు కుదురుతుంది? 21 రోజులని అందరూ అంటారు, నమ్మకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. మధ్యాహ్నం అన్నంతో ఒక పండు తినడం, నీళ్లు తాగడం, కాసేపు పరిగెత్తడం వంటివి వాళ్లు ఎంచుకున్న పనులు. అప్రయత్నంగా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషినిబట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. అందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పట్టడానికి పెద్దగా నష్టమేమీ జరగలేదు. నీళ్లు తాగడం కంటే రాయడం కష్టమైన పని కాబట్టి మీరు మూడు, నాలుగు నెలలు వేసుకోండి.

అసలు కిటుకు: ఆపేటప్పుడు తోడు తీసి పెట్టండి

ఇది ఒక్కటి చదివి మిగతాదంతా వదిలేసినా నాకు అభ్యంతరం లేదు.

ఒకసారి ఇంటికి ఎవరో వచ్చారు. ఉన్న పెరుగంతా గిన్నె గీకి వడ్డించేశాను. రాత్రి పాలు చల్లారాక చూస్తే తోడుకు చెంచాడు కూడా లేదు. అత్తయ్య ఏమీ అనలేదు. "వెళ్లమ్మా, మావుసిని అడిగి రా" అని చిన్న గ్లాసు చేతికిచ్చారు. పక్కింటి ఒడియా ఆవిడను మా ఇంట్లో అందరం మావుసి అనే పిలుస్తాం. ఆవిడ అప్పటికే పడుకున్నారు. లేపి, క్షమించమని, చెంచాడు పెరుగు తెచ్చుకునేసరికి పది నిమిషాలు పట్టింది. పాలు చల్లబడిపోయాయి. మళ్లీ వెచ్చబెట్టాను.

ఆ రాత్రి నోటు పుస్తకం ముందు కూర్చున్నప్పుడు తెలిసింది, నా రాత కూడా రోజూ ఇలాగే జరుగుతోందని. ఊపు ఉన్న రోజున తలలో ఉన్నదంతా గీకి రాసేస్తున్నాను. "ఈ పేరా అయిపోయింది" అని తృప్తిగా మూసేస్తున్నాను. మర్నాడు తెల్ల కాగితం ముందు తోడు లేక కూర్చుంటున్నాను. అప్పుడు ఎవరి పుస్తకమో తెరిచి, వాళ్ల వాక్యం అడిగి తెచ్చుకోవాలి. పాలు చల్లబడేది అక్కడే.

అందుకని పద్ధతి మార్చాను. మీరూ ఇలా చేసి చూడండి. సమయం అయిపోతోందనగా, చివరి రెండు నిమిషాలు కొత్త విషయం ఆపేయండి. తర్వాత ఏమి రాయాలో మీకు బాగా తెలిసి ఉండగానే ఆపండి. ఆ తర్వాతి వాక్యాన్ని సగం వరకు రాసి, అక్కడే వదిలేయండి. దాని కింద, రేపు అక్కరపడే పుస్తకం పేరో పేజీ నంబరో ఒక్కటి రాసిపెట్టండి. అంతే, లేవండి. మనసు ఇంకా రాయమంటుంది. వినకండి. ఆ మిగిలిన కోరికే తోడు.

నా పుస్తకంలోంచి ఒకటి చూపిస్తాను. ఒక రాత్రి నేను వదిలిన సగం వాక్యం ఇది: "సంతలో ధర చెప్పే భాష, డబ్బు లెక్కపెట్టే భాష ఒకటి కానప్పుడు..."

మర్నాడు రాత్రి దానికింద వచ్చింది ఇలా ఉంది, తప్పులతో సహా: "...చెప్పేది కొనేవాడి కోసం, లెక్కపెట్టేది తన కోసం. చింతపండు ఆవిడ నాతో తెలుగులో ధర చెప్పింది. పక్కాయనతో ఒడియాలో అదే ధర. నోట్లు చేతికి వచ్చాక పెదవుల మధ్య లెక్క మాత్రం సవరలో. ఇలా ఎన్నిసార్లు చూశాను? నాలుగా, ఐదా? సంత పుస్తకం చూడాలి. ఐదుసార్లు చూసి అందరూ ఇంతే అనవచ్చా? అనకూడదు. చిల్లర తక్కువైనప్పుడు మాత్రం బయటికి ఒడియాలో లెక్కపెట్టింది, ఎందుకు? అందరికీ వినబడాలని? తగవు వస్తే సాక్ష్యం ఉండాలని? ఇది బాగుంది. అయితే తగవు భాష వేరు, బేరం భాష వేరు. రేపు: కాశీనగర్ సంతలో తూకం గురించి గొడవ జరిగినప్పుడు మొదట గట్టిగా అరిచిన మాట..."

ఇందులో పరిశోధన గ్రంథంలో పెట్టదగ్గ వాక్యం ఒక్కటి లేదు. కానీ మూడో అధ్యాయానికి మూలమైన ఆలోచన, తగవు వచ్చినప్పుడు భాష మారడం, ఆ అరగంటలో పుట్టింది. అంతకుముందు రెండేళ్లు సమాచారం పోగేసినప్పుడు పుట్టలేదు. చివరి ప్రతిలో పైన ఉన్నదంతా రెండు వాక్యాలుగా, ఒక పాదసూచికగా మిగిలింది.

ఏది రాత, ఏది కాదు

ఇక్కడ కాస్త కఠినంగా ఉండాలి. చదవడం, జిరాక్సులు సర్దడం, అక్షరాల సైజు మార్చడం, ఉపయుక్త గ్రంథాల పట్టిక వరుస సరిచేయడం, గైడుగారికి వాట్సాప్ పెట్టడం, ఇవేవీ రాత కిందికి రావు. అన్నీ అవసరమైన పనులే. వాటికి వేరే సమయం పెట్టుకోండి. మీ విషయం గురించి మీరు కొత్తగా కూర్చిన వాక్యం మాత్రమే లెక్క.

నేను రెండు నెలల పాటు పాదసూచికల శైలి సరిచేస్తూ ఎంతో పని చేస్తున్నాననుకున్నాను. తర్వాత ఆ అధ్యాయమే తీసేయవలసి వచ్చింది.

పుస్తకాలు మూసి రాయండి. ఇందులో అలవాటుకు మించిన లాభం ఉంది. రచనాచౌర్యం మీద యూజీసీ 2018లో పెట్టిన నిబంధనల ప్రకారం ఇతరుల రచనలతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలల్లోగా సరిచేసి మళ్లీ సమర్పించాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాదిపాటు సమర్పించనివ్వరు. 60 దాటితే నమోదే రద్దు. దొంగతనం చేయాలని ఎవరూ అనుకోరు. పుస్తకం పక్కన తెరిచి పెట్టుకుని రాస్తే వాళ్ల వాక్యం మన చేతిలోకి తెలియకుండా వచ్చేస్తుంది. మూసి రాస్తే, గుర్తున్నదే వస్తుంది, మన మాటల్లో వస్తుంది. పేరు, సంవత్సరం, పేజీ గుర్తు రాకపోతే ఖాళీ గీత గీసి ముందుకు వెళ్లండి. మర్నాడు పగలు నింపుకోవచ్చు.

ఏ భాషలో ఆలోచన వస్తే ఆ భాషలోనే చిత్తుప్రతి

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇది పెద్ద చిక్కు. గ్రంథం ఇంగ్లీషులో ఉండాలి కాబట్టి మొదటి వాక్యం నుంచీ ఇంగ్లీషులోనే రాయాలని కూర్చుంటాం. పావుగంట ఒక్క క్రియాపదం కోసం పోతుంది. ఈలోగా ఆలోచన ఇంటికి వెళ్లిపోతుంది.

ఈ ఊళ్లో ఉంటూ గిడుగు రామమూర్తిగారిని తలుచుకోకుండా ఉండటం కష్టం. 1880లో ఇక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే సవరల దగ్గర వారి భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేసరికి ఆయనకు డెబ్బై దాటింది. (గడువు పొడిగింపు కోసం దరఖాస్తు పెట్టేటప్పుడల్లా నాకు ఈ తేదీలే గుర్తుకొచ్చేవి.) మాట్లాడే భాషలోనే రాయాలన్న ఆయన పోరాటం బడి పుస్తకాల గురించి, అచ్చు తెలుగు గురించి. నేను దాన్ని చిత్తుప్రతికి వాడుకున్నాను.

చిత్తుప్రతి తెలుగులో రాయండి. మధ్యలో ఒడియా మాట వస్తే ఒడియా మాటే వేయండి. ఇంగ్లీషు పారిభాషిక పదం వస్తే తెలుగు లిపిలో పడేసి ముందుకు వెళ్లండి. వారానికి ఒక రోజు, నాకు ఆదివారం మధ్యాహ్నం, ఆ వారం రాసినదాంట్లో పనికొచ్చేదాన్ని ఇంగ్లీషులోకి తిరగరాసి కంప్యూటర్‌లో ఎక్కించండి. రెండింతల పని కదా అంటారు. కాదు. ఆలోచించడం ఒకసారి, ఇంగ్లీషు వెతకడం ఒకసారి. రెండూ ఒకేసారి చేయబోయినప్పుడే నాకు మూడింతలు పట్టింది.

తెలుగులోనే గ్రంథం సమర్పించేవారికి ఒక హెచ్చరిక. టైపు మొదటి రోజు నుంచి యూనికోడ్‌లోనే చేయండి. పాత ఫాంటులో చేసిన ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే చీమలు పాకినట్టు కనిపిస్తుంది. ఫోనులో మాట చెప్పి టైపు చేసే సౌకర్యం తెలుగుకూ ఉంది, సాయంత్రం నడకలో బాగానే పనిచేస్తుంది. రైలులో, సంతలో మాత్రం ప్రయత్నించకండి. "కిలో ఎంత" అని పక్కవాడు అడిగింది కూడా మీ అధ్యాయంలోకి వచ్చేస్తుంది.

ఏమీ రాని రోజున

వస్తుంది అలాంటి రోజు. అప్పుడు గొప్ప వాక్యం కోసం చూడకండి. ఈ మూడు ప్రశ్నల్లో ఒకటి కాగితం మీద రాసి జవాబివ్వండి. ఈ అధ్యాయంలో నేను నిజంగా నమ్ముతున్నది ఏమిటి? అది తప్పని వాదించేవారు ఏమంటారు? ఈ విషయం మా అమ్మకు చెప్పాలంటే ఎక్కడ మొదలుపెడతాను?

మూడోది నాకు ఎప్పుడూ పనిచేసింది. మా అమ్మ సంతకు వెళ్లిన మనిషి, కాబట్టి మధ్యలో "అలా ఎందుకు అంటారే, నేను చూడలేదూ" అని అడ్డు తగిలేది, నా ఊహలోనే. ఆ అడ్డుకు జవాబు రాస్తే అరపేజీ వచ్చేది.

అప్పటికీ రాకపోతే ఎందుకు రావడం లేదో రాయండి. "ఈ రోజు రాయలేను, ఎందుకంటే రెండో అధ్యాయంలో నేను చెప్పింది నాకే నమ్మకంగా లేదు" అని ఒకసారి రాశాను. అది బద్ధకం కాదని, నిజంగానే అధ్యాయంలో లోపముందని అప్పుడు తెలిసింది.

పండుగలు, తుఫానులు, మధ్యలో తెగిపోవడం

సరిహద్దులో పుట్టినవాళ్లకు పండుగలు రెట్టింపు. సంక్రాంతి, ఉగాది మనవి. జూన్‌లో మూడు రోజుల రజ పండుగ, ఆ తర్వాత రథయాత్ర ఇరుగుపొరుగువి, అంటే అవీ మనవే. బరంపురంలో ఉంటే రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర కూడా ఉంటుంది, అది రోజుల తరబడి సాగుతుంది. ఏడాది మొదట్లోనే పంచాంగం ముందు పెట్టుకుని, ఈ రోజులు రాయనని గీసేయండి. ముందే గీసిన రోజు సెలవు అవుతుంది. గీయకుండా ఎగ్గొట్టిన రోజే మనసులో గుచ్చుతూ ఉంటుంది.

ముందే గీయలేనివి కూడా ఉంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లకు వరుసలు. ఆ రోజుల్లో నేను ఒక్క అక్షరం రాయలేదు. అందుకు పశ్చాత్తాపమూ లేదు. "ఏం జరిగినా రాయాల్సిందే" అనే సలహాదారుల మాట నేను ఒప్పుకోను. పక్కింటి పైకప్పు ఎగిరిపోతే వెళ్లి పట్టుకోవాలి.

తిరిగి మొదలుపెట్టడం గురించి మాత్రం చెప్పాలి. దాదాపు మూడు వారాల తర్వాత కూర్చున్నాను. పోయిన రోజుల బాకీ తీర్చాలనే ఆలోచన వస్తుంది, దాన్ని దగ్గరికి రానివ్వకండి. బాకీ లేదు. మళ్లీ మొదటి రోజు అనుకోండి. నేను పుస్తకం తెరిచి, తుఫానుకు ముందు వదిలిన సగం వాక్యాన్ని చూసి, దాన్ని పూర్తిచేసి మూసేశాను. ఆ రాత్రి రాసింది ఎనిమిది పదాలు. మర్నాడు అరపేజీ. తోడు ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఎక్కడున్నానో వెతుక్కోవడానికే ఇంకో వారం పట్టేది.

తోడు ఇంకొకరు

ఇందాకటి తోడు వేరు, ఈ తోడు వేరు. పరిశోధన చేస్తున్న మరొకరిని చూసుకోండి. మీ విషయం వాళ్లకు తెలియనక్కర్లేదు. తెలియకపోతేనే నయం, లేకపోతే సలహాలు మొదలవుతాయి. నాకు గుణుపురంలో వ్యవసాయం మీద పనిచేసే ఒక చెల్లెలు దొరికింది. రోజూ రాత్రి ఒకరికొకరం ఒక్క ముక్క పంపుకునేవాళ్లం: "అయింది" లేదా "కాలేదు". ఎన్ని పదాలో చెప్పుకునేవాళ్లం కాదు. ఎందుకు కాలేదో అడుక్కునేవాళ్లం కాదు. వరుసగా మూడు రోజులు "కాలేదు" వస్తే మాత్రం, "అక్కా, అన్నం తిన్నావా?" అని ఫోను చేసేది. రాత సంగతి ఎత్తేదే కాదు. నాలుగో రోజు నేను రాసేదాన్ని.

గైడుగారు, ఫైళ్లు

2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరుకూ పరిశోధన సలహా సంఘం ముందు ప్రగతి చెప్పుకోవాలి. ఆ తేదీకి నెల రోజుల ముందు కాగితాలు పోగుచేయడం మొదలుపెట్టకండి. నెలకోసారి, పూర్తికానిదైనా, పది పేజీలు గైడుగారికి ఇచ్చేయండి. "ఇది చిత్తుప్రతి సార్, వాదన నిలుస్తుందో లేదో చూడండి, భాష తర్వాత సరిచేస్తాను" అని పైన రాసి ఇవ్వండి. లేకపోతే కామాలన్నీ దిద్ది ఇస్తారు, వాదన గురించి ఒక్క మాట ఉండదు.

ఫైలు పేరులో తేదీ పెట్టండి. "చివరిది", "అసలు చివరిది", "ఇదే చివరిది" అని పేర్లు పెట్టి నేను పడిన బాధ మీకు వద్దు. ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మీ ఈమెయిలుకే పంపుకుని, చేతిరాత పుస్తకం ఫోటోలు వారానికోసారి. పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్ సంచిలోనే పెట్టకండి. సంచి పోతే రెండూ పోతాయి.

చివరి ఆరు నెలలు

తిరగరాసే దశ వచ్చేసరికి అరగంట చాలదు, నిజమే. అప్పుడు సెలవు పెట్టుకుని రోజుకు మూడు, నాలుగు గంటలు కూర్చున్నాను. అయినా రాత్రి పాలగిన్నె పక్కన అరగంట మానలేదు. పగలు దిద్దుబాటు, రాత్రి కొత్త వాక్యం. ముగింపు అధ్యాయమంతా అలా రాత్రిళ్లే వచ్చింది. దిద్దేటప్పుడు కూడా ఆపే పద్ధతి అదే: ఒక పేజీ సగంలో, తప్పు కనబడుతూ ఉండగా, దాని కింద గీత గీసి లేచిపోవడం.

ప్రతులు బైండింగుకు ఇచ్చి వచ్చిన రోజు రాత్రి అలవాటుగా నోటు పుస్తకం తీశాను. ముందురోజు రాత్రి వదిలిన సగం వాక్యం ఉంది: "ఫోనులో డబ్బు చెల్లించడం మొదలయ్యాక చింతపండు ఆవిడ లెక్క ఇప్పుడు ఏ భాషలో..." గ్రంథంలో దానికి చోటు లేదు. అత్తయ్య అటు నుంచి, "పాలు చల్లారిపోతున్నాయమ్మా" అన్నారు.